రంగు కంటే ముందు రేకు

పాత అంబాసిడర్‌కు కొత్తగా రంగు వేయిస్తే వీధిలో పోయేవాళ్ళంతా ఒక్క క్షణం ఆగి చూస్తారు. ఏడాది తిరిగేసరికి చక్రం పైన అంచులో చిన్న బుడగ లేస్తుంది. గోటితో గీకితే కింద ఎర్రటి పొడి! తిట్లన్నీ పాపం పెయింటర్‌కే. నిజానికి చాలాసార్లు తప్పు రంగులో ఉండదు, రంగు కింద రేకును తయారుచేసిన పద్ధతిలో ఉంటుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తరపారాలో తయారుచేసిన ఈ కారు 2014 దాకా వచ్చింది. అలిపిరి దాటి తిరుమల ఘాట్ ఎక్కిన ట్యాక్సీల్లో ఒకప్పుడు ఇవి ఎన్నో. దీనికి లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే తలుపుల కింద పెట్టెలా ఉండే భాగంలో తుప్పు పడితే అది అందానికి సంబంధించిన గొడవ కాదు, బండి బలానికి సంబంధించింది. దాని మీద లప్పం మెత్తి రంగు కొట్టేస్తే కంటికి కనబడదు కానీ, లోపల కూర్చున్నవాళ్ళకు రక్షణ మాత్రం తిరిగి రాదు. అలాంటి చోట కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే.

ఇక వరుస చూద్దాం. మొదటి పని గీకడం కాదు, కడగడం. గ్రీజు, ఆయిల్ ఉండగానే ఎమరీ పేపర్ పట్టిస్తే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. కడిగి ఆరబెట్టాకే పాత రంగు తీయాలి. బానెట్, డోర్ల లాంటి వెడల్పు రేకుల మీద ఇసుక బ్లాస్టింగ్ గట్టిగా కొడితే రేకు సాగి వంకర పోతుంది, మళ్ళీ సరిచేయడం మహా కష్టం. వాటికి పెయింట్ రిమూవర్, 80 నంబరు పేపర్ మేలు. మూలల్లోని తుప్పును వైర్ బ్రష్‌తో తీయాలి.

గుంతల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ వాడతారు. అది తుప్పుతో కలిసి ఐరన్ ఫాస్ఫేట్ అవుతుంది. ఇక్కడ మన కెమిస్ట్రీ పనికొస్తుంది. ఎపాక్సీ ప్రైమర్ హార్డెనర్‌లో సాధారణంగా ఉండేది అమీన్, అంటే క్షారం. రేకు మీద యాసిడ్ మిగిలిపోతే అది అమీన్‌ను పట్టేసుకుంటుంది. ప్రైమర్ పైకి గట్టిపడినట్టే ఉంటుంది, అడుగున పట్టు ఉండదు. కాబట్టి డబ్బా మీద రాసినట్టు యాసిడ్‌ను పూర్తిగా కడిగి, వెంటనే ఆరబెట్టాలి.

ఇప్పుడు రేకు తళతళ మెరుస్తుంది. అసలు గండం ఇక్కడే. పైన ఏ పొరా లేని ఉక్కుకు తేమ, ఆక్సిజన్ చాలు. చెమట చేత్తో ముట్టుకుంటే దాంట్లోని ఉప్పు తోడవుతుంది, వేలిముద్ర ఉన్నట్టే తుప్పు పడుతుంది. గ్లవ్స్ వేసుకుని, ఒక గుడ్డతో వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ రాసి, అది ఆరిపోకముందే ఇంకో పొడిగుడ్డతో తుడవాలి. కిరోసిన్ వద్దు, అది జిడ్డు పొర వదిలిపోతుంది. ఆ పూటే ప్రైమర్ పడాలి. "రేపు చూద్దాంలే అన్నా" అంటే రేపు మళ్ళీ పేపర్ పట్టాలి.

మన వాతావరణం సంగతి కూడా చూడాలి. తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. రేకు వేడి డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలనేది కోటింగ్ పనిలో వాడుకలో ఉన్న నియమం. గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకోండి. డ్యూ పాయింట్ సుమారు 25. అంటే రేకు 28కి తగ్గకూడదు. రాత్రంతా షెడ్డులో చల్లబడిన రేకు పొద్దున్నే అంత వేడి ఉండకపోవచ్చు. మే నెలలో కథ తలకిందులు. ఎండలో కాలిన రేకు మీద థిన్నర్ క్షణాల్లో ఎగిరిపోయి ప్రైమర్ పొడిపొడిగా పడుతుంది. నీడలో, ఉదయం పూట కొట్టడం నయం.

లప్పం ఎప్పుడు? పాలియెస్టర్ లప్పం తేమను పీల్చుకుంటుంది. అందుకే ముందు ఎపాక్సీ, అది గట్టిపడ్డాక గరుకు చేసి పల్చగా లప్పం, దానిపై సర్ఫేసర్, చివర రంగు. ఈ వరుసలో ఉక్కు ఎప్పుడూ మూసే ఉంటుంది. లప్పాన్ని నీళ్ళ పేపర్‌తో కాకుండా పొడిగానే రుద్దాలి.

ఇంకో మాట, ఇది రేకు గురించి కాదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇసుక బ్లాస్టింగ్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. 2కే రంగుల హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఆస్తమా తెప్పించగలదు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు వీటిలో దేన్నీ ఆపదు. దుమ్ముకు సరైన ఫిల్టర్ మాస్కు కావాలి. 2కే రంగు కొట్టేటప్పుడు బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి. రంగు డబ్బా బ్రాండ్ గురించి బేరమాడే మనం, ఆ మాస్కుల ఖర్చు కూడా లెక్కలో వేయాలి.

మీ ఇంట్లోనో, మీ తాత ఊళ్ళోనో ఇలాంటి బండి ఉంటే, షెడ్డులో "రంగుకు ఎంతవుతుంది?" అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి: "రేకు తేలిన రోజే ప్రైమర్ వేస్తారా అన్నా?" ఆ జవాబు విన్నాకే తాళాలు ఇవ్వండి.