బిస్కెట్ ముట్టని సాలెపురుగు

హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో మా ఇంటి డంగుసున్నం గోడ మీద గెంతుతున్న చిన్న సాలెపురుగును మనవడు ఊరగాయ సీసాలో పట్టేశాడు. మర్యాదకేం లోటు చెయ్యలేదు, ఉస్మానియా బిస్కెట్ ముక్క వేశాడు. తెల్లారి చూస్తే ముక్క ముక్కలాగే ఉంది.

"తాతా, ఇది ఏమీ తింటలేదు" అని సీసా పట్టుకొచ్చాడు. పక్కింటి ఖాలా విని నవ్వింది. "మక్డీ మక్ఖీకో ఖాతీ బేటా, బిస్కుట్ నై." మక్డీ అంటే సాలెపురుగు, మక్ఖీ అంటే ఈగ. సగం పాఠం ఆవిడే చెప్పేసింది.

మిగతా సగం నా వంతు. అది నమిలి మింగే నోరు కాదురా. ఈగ దొరకగానే కోరలు దింపి, విషంతో కదలకుండా చేసి, తన జీర్ణరసాన్ని దాని మీదికి కక్కుతుంది. పాతబస్తీ హోటళ్లలో నహారీ రాత్రంతా దేగ్చాలో మగ్గి, పొద్దుటికి మాంసం వేలితో తాకితే విడిపోతుంది కదా, అదే పని. కాకపోతే దీనికి వేరే దేగ్చా లేదు, ఈగ ఒళ్లే దేగ్చా. కరిగిన రసం పీల్చేసి డొల్లను వదిలేస్తుంది. బూజు దులిపినప్పుడు నెత్తిన రాలేవాటిలో అవీ ఉంటాయి.

మనవడు పట్టిన రకం గూడు కట్టి కాచుకోదు. పిల్లిలా పొంచి ఈగ మీదికి దూకుతుంది. పైకప్పు మూలల్లో పొడుగు కాళ్లతో వేలాడేది దోమల్నీ, తోటి సాలెపురుగుల్నీ కూడా తింటుంది. స్నానాలగదిలో రాత్రిపూట అరచేయంతది కనిపించి కెవ్వుమంటామే, దానికి బొద్దింకలంటే ప్రాణం. చెప్పు దెబ్బ పడాల్సింది ఎవరికో మీరే తేల్చుకోండి.

"మరి కూరాకు తినేది లేదా?" అన్నాడు వాడు. ఉంది. మధ్య అమెరికాలో తుమ్మజాతి చెట్ల ఆకుల కొసలు తినే సాలెపురుగు ఒకటుంది. దాని పేరులో కిప్లింగ్ కథలోని నల్లచిరుత బగీరా ఉన్నాడు!

డబ్బిచ్చి సాలెపురుగుల్ని పెంచుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మోజుపడేవాటిలో మన గుత్తి సాలెపురుగు ఒకటి. నిగనిగలాడే నీలం రంగు. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్కదాన్ని చూసి, 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పేరు పెట్టాడు. మళ్లీ నూరేళ్లకు, 2001లో, నంద్యాల–గిద్దలూరు నడుమ అడవిలో చెట్టు తొర్రల్లో కనిపించింది. దాని ఇలాకా చాలా చిన్నది. యూరప్, అమెరికాల్లో మాత్రం గాజుపెట్టెల్లో కీచురాళ్లూ బొద్దింకలూ తింటూ బతుకుతోంది. కుబుసం విడిచే రోజుల్లో ఏదీ ముట్టదు. అప్పుడు పెట్టెలో కీచురాయిని వదిలితే, ఒళ్లు మెత్తబడి ఉన్న సాలెపురుగునే అది కొరికేయొచ్చు. అందుకే తెలిసినవాళ్లు తినని మేతను వెంటనే తీసేస్తారు.

మేం సీసా మూత తీసి గోడకు ఆనించాం. రెండు గెంతుల్లో మాయం. బిస్కెట్ చీమలకు దక్కింది. మీ పిల్లలూ పట్టి తెస్తే తిట్టకండి. సీసా లోపల రెండు నీటిచుక్కలు చిలకరించి, ఒక పూట చూడనిచ్చి, దొరికిన గోడ మీదే వదిలేయమనండి.