వృద్ధ స్త్రీలకు మూత్రము ఆగకపోవుట: వ్యాయామ చికిత్స

పెండ్లికి పిలుపు వచ్చినప్పుడు "మోకాళ్ళ నొప్పులమ్మా, నేను రాలేను" అని అవ్వ ఇంటనే ఉండిపోవును. నిజమైన కారణము మోకాళ్ళు కాకపోవచ్చును. మార్కాపురమునుండి గిద్దలూరు వరకు బస్సులో కూర్చుండవలెనన్న ఆమెకు భయము. దగ్గినను, తుమ్మినను చీర తడియును. ఈ మాట కోడలితోనైనను చెప్పుకొనదు. వయసుతో ఈ బాధ హెచ్చుట నిజమే. కాని ఇది చికిత్స లేనిది కాదు.

మూత్రాశయమును, గర్భాశయమును అడుగునుండి మోయు కండరములు ఉట్టివలె అమరియున్నవి. కాన్పులు, ముట్లుడుగుట, మానని దగ్గు, మలబద్ధకము, బరువులెత్తుట వీనిని సడలించును. నీటి ఎద్దడికి పేరుపడిన పశ్చిమ ప్రకాశములో దూరమునుండి బిందెలు మోసిన స్త్రీలెందరో కలరు.

సడలిన కండరమును సాధనచే బిగించవచ్చునని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రకటించెను. నేడును వైద్యులు శస్త్రచికిత్సకు ముందు ఈ వ్యాయామమునే సూచింతురు. అపానవాయువును, మూత్రమును ఒక్కసారిగా ఆపుకొనుచున్నట్లు కండరములను లోపలికి, పైకి బిగింపవలెను. అయిదు సెకనులు నిలిపి, అంతసేపు పూర్తిగా వదలవలెను. క్రమముగా పది సెకనులకు పెంచవచ్చును. పూటకు ఎనిమిది మొదలు పది సార్లు, దినమునకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టరాదు, పొట్ట, తొడలు, పిరుదులు కదలరాదు. మూత్రము పోయుచు మధ్యలో ఆపి సాధన చేయుట మంచిది కాదు. పలువురు బిగించుటకు మారుగా క్రిందికి ముక్కుదురు, అది కీడే. కనుక మొదట ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకొనుట మేలు. మూడు నెలలైనను విడువక చేయవలెను. పదిదినములలో గుణము లేదని మానువారే హెచ్చు. దగ్గు వచ్చుటకు ముందు, బిందె ఎత్తుటకు ముందు ఒక్కసారి బిగించుట అలవాటైనచో అప్పటికప్పుడే సాయపడును.

కొందరికి దగ్గుతో పనిలేక, ఉన్నట్టుండి ఆపుకొనరాని తొందర కలుగును. వీరు మూత్రమునకు పోవు వ్యవధిని కొన్ని వారములలో కొద్దికొద్దిగా పెంచుకొనవలెను.

తడియునను భయముచే నీరు త్రాగుట మానుట పొరపాటు. చిక్కబడిన మూత్రము మూత్రాశయమును రేపును, మలబద్ధకము హెచ్చును, మన ఎండలలో వడదెబ్బ భయమును కలదు. రాత్రి నిద్రకు ముందు మాత్రము కొంత తగ్గించుకొనవచ్చును.

మూత్రములో రక్తము, మంట, జ్వరము, గర్భసంచి జారుట, మూత్రము బిగియుట కనబడినచో వ్యాయామముతో కాలము గడపక వైద్యురాలికి చూపింపవలెను. కాళ్ళు ఉన్నట్టుండి చచ్చుబడి మూత్రము అదుపు తప్పినచో ఆనాడే ఆసుపత్రికి చేర్పవలెను.