పాత చైన్‌సా కొంటున్నారా? ముందు పిస్టన్ చూడండి

పాత ఫోన్లు, కెమెరాల్లాగే చెట్లు కోసే పాత పెట్రోల్ చైన్‌సాలు సేకరించేవాళ్లూ అమెరికా, యూరప్‌లో చాలామందే ఉన్నారు. 1949 నాటి మెకల్లాక్ 3-25, 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా లాంటి మోడల్స్ కోసం వెతుకుతుంటారు.

దొరికిన మెషిన్ స్టార్ట్ కాకపోతే కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు తప్పు కార్బ్యురేటర్‌దే. లోపలుండే పల్చటి డయాఫ్రమ్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిపోయి పెట్రోల్ సరిగ్గా అందదు. టిలాట్సన్, వాల్‌బ్రో కార్బ్యురేటర్లు చాలావాటికి రిపేర్ కిట్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. కార్బ్యురేటర్ మీదున్న మోడల్ నంబర్ చూసి కొంటే చాలు.

అసలు చిక్కంతా పిస్టన్, సిలిండర్‌తోనే. మెకల్లాక్ కంపెనీ 1999లో దివాలా తీసింది. ఇలాంటి పార్ట్స్ కావాలంటే చాలాసార్లు ఇంకో పాత మెషిన్‌నే విప్పాలి. అందుకే డబ్బులిచ్చేముందు సైలెన్సర్ తీసి, ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి చూడండి. పిస్టన్ మీద లోతైన నిలువు గీతలుంటే వదిలేయండి.

ఇంకో ముఖ్యమైన విషయం. పైన చెప్పిన రెండింటికీ చైన్ బ్రేక్ లేదు. కోసేటప్పుడు బార్ ఎగిరి మీదికొస్తే చైన్‌ని ఆపేదేమీ ఉండదు. బాగుచేయండి, షెల్ఫ్‌లో పెట్టుకోండి. చెట్టు కోయడానికి మాత్రం బ్రేక్ ఉన్న కొత్తదే వాడండి.