నక్షత్రాలను లెక్కించిన చోటే... మన పిల్లల లెక్క!

హైదరాబాద్‌లోని లక్డీకాపూల్ పేరుకు అర్థం కర్ర వంతెన. జపాన్ భాషలో హితోత్సుబాషి అంటే ఒంటి వంతెన. ఆ పేరుతో టోక్యోలో సామాజిక శాస్త్రాలకు పేరుమోసిన విశ్వవిద్యాలయం ఉంది. 1875లో వాణిజ్య పాఠశాలగా మొదలైన ఆ సంస్థ, 2023లో సోషల్ డేటా సైన్స్‌కు ప్రత్యేక విభాగం తెరిచింది. అలా సమాజాన్ని అంకెలతో చదివే పని మన దగ్గరా దశాబ్దాలుగా సాగుతోంది.

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ అమీర్‌పేట. దాన్ని ఆనుకుని ఉన్న బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ. ఒకప్పుడు ఇక్కడి టెలిస్కోపులతో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. ఇప్పుడు అక్కడే ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం 'సెస్' ఉంది.

1980: సెస్ ఏర్పడిన సంవత్సరం. 1986లో భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి దీన్ని జాతీయ సంస్థగా గుర్తించింది.

3,000: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'యంగ్ లైవ్స్' అధ్యయనానికి ఎంచుకున్న పిల్లలు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనంలో సెస్ భాగస్వామి. కోస్తా, రాయలసీమ, తెలంగాణల్లో 20 ప్రాంతాలు తీసుకున్నారు. ఒక్కోచోట ఏడాది వయసువారు 100 మంది, ఎనిమిదేళ్లవారు 50 మంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో కలిపితే మొత్తం దాదాపు 12,000 మంది.

5: 2002 నుంచి 2016 దాకా ఆ పిల్లల ఇళ్లకు వెళ్లిన విడతలు. కరోనా కాలంలో ఫోన్లో పలకరించారు.

ప్రతిసారీ అదే పిల్లల దగ్గరికి ఎందుకు? ఏటా కొత్తవారిని అడిగితే సగటు మాత్రమే తెలుస్తుంది. బడి మానేసినవారు ఎంతమందో తేలుతుంది. అదే బిడ్డను ఏళ్ల తరబడి గమనిస్తే, చదువు ఎక్కడ ఆగింది, అంతకుముందు ఆ ఇంట్లో ఏం జరిగింది అన్నది బయటపడుతుంది. విధానం మార్చాలంటే కావలసింది ఈ రెండోదే.

ఒక జాగ్రత్త: పేద ప్రాంతాలకు ప్రాధాన్యమిచ్చి ఎంచుకున్నారు కాబట్టి, ఈ అంకెలను రాష్ట్ర సగటుగా చదవకూడదు.

2002లో ఏడాది పాపగా లెక్కలోకి వచ్చిన అమ్మాయికి ఇప్పుడు ఇరవై దాటాయి. ఆమె జీవితాన్ని అర్థం చేసుకోవడానికి గణితమూ కావాలి, గడప ముందు కూర్చుని వినే ఓపికా కావాలి. అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ విద్యకు ఇలాంటి ఉపయోగమూ ఉంది. ఒక్కసారి ఇటువైపూ చూడండి.