వినతిపత్రం ఇచ్చాక ఏమవుతుంది? మన సమస్య మంత్రిగారి దాకా వెళ్ళే దారి

 

పోయిన ఎపిసోడ్‌లో గ్రామసభ గురించి మాట్లాడుకున్నాం. అది చూసి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, గ్రామసభలో తీర్మానం చేశాం. ఎమ్మెల్యే గారికి ఇచ్చాం. ఆయన తీసుకెళ్ళి మంత్రిగారి చేతిలో పెట్టారు. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. ఆ తర్వాత ఆ కాగితం ఎక్కడికి పోతుందో కాస్త చెప్తావా?" అని అడిగారు. ఈ రోజు ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్నకి జవాబే.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మా ఊరికీ మండల కేంద్రానికీ మధ్య ఒక రైల్వే గేటు ఉంది. గేటు పడిందంటే ఎప్పుడు లేస్తుందో తెలీదు. ఒక గూడ్సు పోతుంది, గేటు లేస్తుందిలే అనుకునేలోపు అవతలి లైను మీద ఎక్స్‌ప్రెస్ వస్తుంది. కొన్నేళ్ళ కిందట మా అక్క కూతురు ఇంటర్ పరీక్షకి వెళ్తూ ఆ గేటు దగ్గర ఇరుక్కుపోయింది. అప్పట్లో ఒక్క నిమిషం నిబంధన గట్టిగా ఉండేది. పిల్ల చేరేసరికి సెంటర్ తలుపులు మూసేశారు. గేటు బయట నిలబడి ఏడ్చి ఇంటికొచ్చింది. ఆ పేపరు సప్లిమెంటరీలో రాసుకుంది. కానీ దాని తోటివాళ్ళంతా రిజల్ట్స్ చూసుకున్న రోజు ఇది పక్కింటికి కూడా వెళ్ళలేదు.

అప్పుడు ఊరంతా కదిలింది. సంతకాలు పెట్టి వినతిపత్రం ఇచ్చాం. ఎమ్మెల్యే గారు హైదరాబాద్‌లో ఒక మంత్రిగారికి ఇచ్చారు. ఫొటో వచ్చింది. తర్వాత ఎన్నికల్లో వేరే ఆయన గెలిచారు. ఆయనా ఇచ్చారు, ఇంకో ఫొటో వచ్చింది. మా పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ పేపర్ కటింగులు వరుసగా అతికించి ఉండేవి. వంతెన మాత్రం లేదు. నాకు కోపం వచ్చి మా ఊరి రిటైర్డ్ మాస్టారి దగ్గర నాయకులందరినీ తిట్టాను. ఆయన ఒక్కటే అడిగారు. "మనం ఇచ్చిన కాగితానికి నంబరేదిరా?" అని.

నా దగ్గర జవాబు లేదు. అక్కడి నుంచే నేను నేర్చుకోవడం మొదలైంది.

వినతిపత్రం మంత్రిగారి చేతికి వెళ్ళగానే ఏమవుతుంది? ఆయన దాని మీద ఒక మాట రాసి పేషీకి ఇస్తారు. పేషీ నుంచి శాఖ కార్యదర్శికి, అక్కడి నుంచి సెక్షన్‌కి, సెక్షన్ నుంచి ఇంజనీర్లకి రిపోర్టు కోసం వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ ఆగినా బయటివాళ్ళకి తెలీదు. ఆగినందుకు ఎవరూ జవాబు చెప్పాల్సిన పని కూడా ఉండదు. మా కాగితం విషయంలో జరిగింది అదే. "ఇది మా శాఖకి సంబంధించినది కాదు" అని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్ళి, అక్కడే పడుకుంది.

అది ఒక రకంగా నిజమే కూడా. రైల్వే కేంద్రానిది. రోడ్డు రాష్ట్రానిది. రెండూ కలిసే చోటే గేటు ఉంది. మేమేమో మొత్తం గేటుని తీసుకెళ్ళి ఒక్క మంత్రిగారి చేతిలో పెట్టాం.

కాబట్టి మొదటి పాఠం: ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. ఊరి లోపలి రోడ్డు అయితే పంచాయతీరాజ్ శాఖ. రాష్ట్ర రహదారి అయితే రోడ్లు భవనాల శాఖ. జాతీయ రహదారి అయితే కేంద్రం. రైల్వే గేటు దగ్గర వంతెన కావాలంటే పట్టాల మీది భాగం రైల్వే వాళ్ళు చూస్తారు. రెండు వైపులా ఎక్కి దిగే అప్రోచ్ రోడ్డు, దానికి కావలసిన భూసేకరణ సాధారణంగా రాష్ట్రం చూడాలి. ఎమ్మెల్యే గారు రైల్వే మంత్రిని కలవొచ్చు, ఉత్తరం ఇవ్వొచ్చు, తప్పులేదు. కానీ పార్లమెంటులో ఆయన ప్రశ్న వేయలేరు. అది ఎంపీ గారి పని. అలాగే ఎంపీ గారు అసెంబ్లీలో అడగలేరు. అంటే ఒక సమస్య, రెండు ప్రశ్నలు.

ఇప్పుడు సభలో అడగడం అంటే ఏమిటో చూద్దాం. టీవీలో మనం చూసేది అరుపులే కదా. వాటి వెనక ఒక పద్ధతి ఉంది.

లోక్‌సభలో రోజూ మొదటి గంట, 11 నుంచి 12 వరకు, ప్రశ్నోత్తరాల సమయం. ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. స్టార్ ప్రశ్నకి మంత్రిగారు నిలబడి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. స్టార్ లేని ప్రశ్నకి జవాబు రాతపూర్వకంగా వస్తుంది. రోజుకి స్టార్ ప్రశ్నలు 20, స్టార్ లేనివి 230. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ప్రశ్నలు ఎక్కువ వస్తాయి కాబట్టి ఏది ముందో లాటరీ తీసి తేలుస్తారు. చాలా రోజుల్లో ఆ 20లో కొన్నే సభలో చర్చకి వస్తాయి. మిగతావాటికి కూడా రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు. అందుకని మన ఎంపీ గారికి స్టార్ దొరకలేదని బాధపడక్కర్లేదు. రాతపూర్వక జవాబు కూడా రికార్డే. దాన్ని ఎవరైనా చదవొచ్చు, రేపు చూపించొచ్చు.

జీరో అవర్ అని వింటుంటాం. అది ప్రశ్నోత్తరాల తర్వాత వచ్చే సమయం. అప్పటికప్పుడు మాట్లాడాల్సిన సంగతులు చెప్పడానికి బాగుంటుంది. వీడియో కూడా బాగా తిరుగుతుంది. కానీ మంత్రిగారు జవాబు చెప్పి తీరాలని లేదు. ఇంకోటి రూల్ 377. దీని కింద సభ్యుడు 250 మాటలకి మించకుండా నియోజకవర్గం సమస్య చెప్పొచ్చు. దానికి సంబంధిత మంత్రి నుంచి తర్వాత రాతపూర్వకంగా జవాబు వస్తుంది. పేరు పెద్దగా తెలియదు గానీ, ఊళ్ళ సమస్యలకి చాలా పనికొచ్చే దారి.

మన అసెంబ్లీల్లో కూడా ప్రశ్నోత్తరాల పద్ధతి దాదాపు ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలు, తెలంగాణలో 119 మంది. సమావేశాలు జరిగే రోజులు తక్కువ. సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు, ముందే మన ప్రశ్న ఎమ్మెల్యే గారి చేతిలో ఉండాలి. ఇంకో సంగతి. మీ ఎమ్మెల్యే గారే మంత్రి అయితే ఆయన సభలో ప్రశ్న వేయరు, జవాబులు చెప్పే వైపు ఉంటారు. అప్పుడు మీ ప్రాంత ఎమ్మెల్సీనో, పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేనో అడగాలి.

ఇక అసలు కిటుకు ప్రశ్న రాయడంలో ఉంది. అసెంబ్లీ ప్రశ్నల జాబితా ఎప్పుడైనా చూశారా? ఇలా ఉంటుంది: (ఎ) ఫలానా చోట ప్రజలు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా? (బి) అయితే, తీసుకున్న చర్యలు ఏమిటి? (సి) పనులు ఎప్పటికి పూర్తవుతాయి? జవాబు ఎలా వస్తుందో తెలుసా? "(ఎ) కాదండి. (బి) ప్రశ్న ఉత్పన్నం కాదు. (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు." అయిపోయింది. మూడు ముక్కల్లో ఊరి గోడంతా కొట్టేశారు.

తప్పు జవాబులో మాత్రమే లేదు, ప్రశ్నలోనూ ఉంది. "ఇబ్బంది పడుతున్నారా?" అనేది అభిప్రాయం. అభిప్రాయాన్ని ఎవరైనా కాదనొచ్చు. అంకెని కాదనడం కష్టం. "ఈ గేటు దగ్గర చివరిసారి ట్రాఫిక్ లెక్క ఎప్పుడు తీశారు? ఎంత వచ్చింది? రాష్ట్ర ప్రభుత్వం తన వాటాకి సమ్మతి తెలిపిందా, ఏ తేదీన? డ్రాయింగ్ ఎవరి దగ్గర ఉంది?" ఇలా అడిగితే కాదండి అనడానికి చోటు లేదు. అంకె చెప్పాలి, తేదీ చెప్పాలి, లేదా ఇంకా ఏమీ చేయలేదని ఒప్పుకోవాలి. మూడింటిలో ఏది వచ్చినా మనకి లాభమే.

ట్రాఫిక్ లెక్క అన్నాను కదా, అది కూడా చెప్పుకుందాం. రైల్వే వాళ్ళకి టీవీయూ అని ఒక కొలత ఉంది. 24 గంటల్లో ఆ గేటు మీదుగా వెళ్ళే రైళ్ళ సంఖ్యని, రోడ్డు మీద వెళ్ళే వాహనాల యూనిట్లతో గుణిస్తారు. బైకుకి, ఆటోకి లారీ కంటే తక్కువ యూనిట్లు. ఉదాహరణకి రోజుకి 50 రైళ్ళు, 2,000 వాహన యూనిట్లు అనుకోండి. గుణిస్తే లక్ష. లక్ష దాటిన గేటుకి రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చుతో వంతెన కట్టడం చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. మేము ఇన్నాళ్ళూ ఏడుపు చెప్పుకున్నాం గానీ, ఈ అంకె ఎప్పుడూ చెప్పలేదు.

మాస్టారు నలుగురు డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి, నోటు పుస్తకాలిచ్చి, ఒక రోజంతా గేటు దగ్గర లెక్క రాయించారు. ఇంకోవైపు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. వచ్చిన జవాబు చూస్తే, ఆఫీసు దగ్గరున్నది పాత లెక్క. అప్పటికి మా రోడ్డు మీద ఇన్ని ఆటోలూ లేవు, ఇటుక బట్టీల లారీలూ లేవు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఎంపీ గారికి ఒక ప్రశ్న, ఎమ్మెల్యే గారికి ఒక ప్రశ్న రాసిచ్చాం. ఎమ్మెల్యే గారి పీఏ చదివి, "ఇలా తెచ్చిచ్చేవాళ్ళు ఎవరండీ? అందరూ దండ, కాగితం పట్టుకొస్తారు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాయకులు సరిగ్గా అడగట్లేదని మనం అంటాం. అడగడానికి సరుకు మనం ఇస్తున్నామా?

సరే, ప్రశ్న పడింది. మంత్రిగారు "పరిశీలనలో ఉంది" అన్నారు. మనం నవ్వుకుంటాం, ఇది మామూలే అని. కానీ నవ్వకండి. పార్లమెంటులో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. లోక్‌సభలో 1953 నుంచి ఉంది. సభలో మంత్రి "పరిశీలిస్తాం", "పరిశీలనలో ఉంది" లాంటి మాట అంటే దాన్ని హామీగా లెక్కగట్టొచ్చు. హామీ అయితే మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పెంచమని కమిటీని అడగాలి. మన అసెంబ్లీల్లోనూ హామీల కమిటీలున్నాయి. అదే మాట మంత్రిగారు గెస్ట్‌హౌస్‌లో అంటే గాలిలో కలిసిపోతుంది. సభలో అంటే వెంటపడుతుంది. మాట ఒక్కటే, చోటు వేరు.

ఇంత చెప్పినా, అన్ని తలుపులూ మూసుకుపోయిన రోజులు కూడా ఉంటాయి. నల్గొండ గుర్తుందా? ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా. మంచి నీళ్ళ కోసం ఎన్నో ఏళ్ళు అడిగారు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క స్థానానికే 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. జల సాధన సమితి పిలుపుతో జనమే నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దేశమంతా నల్గొండ నీళ్ళ గురించి మాట్లాడింది. అది కూడా ఒక వినతిపత్రమే. అయితే ఆ తర్వాత పార్లమెంటు అభ్యర్థుల డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకి పెంచారు. అంటే ఆ తలుపు మళ్ళీ అంత తేలిగ్గా తెరుచుకోదు. అందుకే ఉన్న తలుపుల్ని సరిగ్గా తట్టడం నేర్చుకోవాలి అంటున్నాను.

ఇప్పుడు ఫోన్ చేసిన ఆ పెద్దాయనకి నా జవాబు. అయ్యా, మీరు ముందు మీ కాగితాన్ని సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఆ నంబరు మీ ఎమ్మెల్యే గారి ఉత్తరంలో రాయించండి. కేంద్రం విషయమైతే ఎంపీ గారి చేత రాయించండి. ఎంపీ ఉత్తరానికి 15 రోజుల్లో అందినట్టు తెలపాలని, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబివ్వాలని కేంద్ర కార్యాలయాలకి ఆదేశాలున్నాయి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద ఫైలు ఎక్కడుందో అడగండి. ఆ జవాబుతో ప్రశ్న తయారుచేసి, సమావేశాలకి ముందే ఇవ్వండి. ఫొటో తీసుకోండి, వద్దనను. ఫొటో వెనక నంబరు రాసి పెట్టుకోండి.

మా వంతెన వచ్చిందా అని అడుగుతారు. ఇంకా రాలేదు. కొత్త లెక్క తీశారు, లక్ష దాటింది. డ్రాయింగ్ దశలో ఉంది. రైల్వే పింక్ బుక్‌లో పేరు ఎక్కితే కూడా ఒక్కోసారి వెయ్యి రూపాయలు మాత్రమే కేటాయించి ఉంటుందని తెలుసు కాబట్టి, అప్పుడు కూడా సంబరం చేసుకోం. మళ్ళీ ప్రశ్న వేయిస్తాం. కానీ ఒక తేడా ఉంది. ఇదివరకు ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. ఇప్పుడు ఏ టేబుల్ మీద ఉందో మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూడా చెప్తారు. పంచాయతీ ఆఫీసు గోడ మీద పేపర్ కటింగుల పక్కన ఇప్పుడు ప్రశ్న నంబరు, తేదీ, జవాబు కాపీ అతికించి ఉన్నాయి. మొన్న పండక్కి వచ్చినప్పుడు మా అక్క కూతురు వాటి ముందు నిలబడి మొత్తం చదివింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. "మామయ్యా, తర్వాతి సెషన్ ఎప్పుడు?" అని అడిగింది.

వచ్చే ఎపిసోడ్‌లో సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో, ఏం అడిగితే జవాబు వస్తుందో, ఏం అడిగితే రాదో వివరంగా చూద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్తే.