విద్యాలయములలో లైంగిక హింస: తెలియజేయు బాధ్యత, సంఘము

2017 ఆగస్టులో కర్నూలులోని ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ పాఠశాలలో పదవ తరగతి విద్యార్థిని మరణించింది. ఆమెపై లైంగిక దాడి జరిగిందని తల్లిదండ్రులు ఆరోపించారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వము కేసును సి.బి.ఐ.కి అప్పగించుచు ఉత్తర్వు ఇచ్చింది. దానిపై తీర్పు చెప్పుట మా పని కాదు. అయితే డోన్ ప్రాంతములో సుగ్గికి పోవు తల్లిదండ్రులు పిల్లలను హాస్టళ్లలో విడిచి వెళ్లుదురు. అక్కడ పిల్లకు ఏదైన జరిగితే, తెలిసినవారు ఏమి చేయవలెను?

ప్రభుత్వములు సాధారణముగా శిక్షను పెంచి జవాబిచ్చును. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదము లభించక అది అమలులోనికి రాలేదు. అదే సంవత్సరము పార్లమెంటు పోక్సో చట్టమునకు మరణశిక్షను చేర్చింది. అంతకంటె ప్రయోజనకరమైన నిబంధన 2012 నాటి మూల చట్టములోనే ఉన్నదని మా అభిప్రాయము.

19వ సెక్షను ప్రకారము, పద్దెనిమిది ఏండ్లలోపు బిడ్డపై లైంగిక నేరము జరిగిందని తెలిసిన ఏ వ్యక్తియైనను పోలీసులకు తెలియజేయవలెను. కాపరికి మినహాయింపు లేదు. తెలియజేయనివారికి ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని. తన క్రింది ఉద్యోగి నేరమును దాచిన సంస్థ అధిపతికి ఒక సంవత్సరము వరకు జైలు, జరిమానా. సద్భావముతో చెప్పినవారిపై కేసు ఉండదు. మహారాష్ట్రలోని గిరిజన బాలికల హాస్టలు కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు, తెలిసియు చెప్పకుండుట తీవ్రమైన నేరమని పేర్కొన్నది.

మన సంఘములలో ఇట్టి సంగతి మొదట కాపరి ఇంటికే వచ్చును. పిల్ల పెండ్లి చెడునని ఒకరు, మిషను హాస్టలు పేరు పోవునని మరొకరు. మేమును అట్టి పంచాయితీలో కూర్చుంటిమి. పోక్సోకు ముందు దినములలో ఒకసారి పిల్లను వేరే పాఠశాలకు మార్పించి, ప్రార్థన చేసి లేచి వచ్చితిమి. ఆ ఉద్యోగి అక్కడనే ఉండెను.

2 సమూయేలు 13లో తామారుతో అన్న అబ్షాలోము చెప్పినదియు మౌనముగా నుండుమనియే. దావీదు కోపించెను, అంతే. లేవీయకాండము 5:1 మాత్రము, సంగతి ఎరిగియు సాక్ష్యము చెప్పనివానిని దోషిగా ఎంచుచున్నది.

కుటుంబములు భయపడునంతగా చట్టము కఠినముగా లేదు. బిడ్డను స్టేషనుకు రప్పించనక్కరలేదు. యూనిఫారము లేని అధికారి, వీలైనంతవరకు స్త్రీ, ఇంటి వద్దనే వాంగ్మూలము వ్రాసికొనవలెను. పేరు పత్రికలలో రాకూడదు. 1098కు ఫోను చేయవచ్చును. ఆ ఫోను చేసిన తరువాతనే కాపరి ప్రార్థన చేయవలెను, ఆ తల్లిదండ్రుల ప్రక్కన కూర్చుండవలెను.