ఆన్‌లైన్‌ వేలంలో పాత స్టాంపులు కొంటున్నారా? బిడ్‌ వేసే ముందు ఇవి చూసుకోండి

స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన సందర్భంగా, 1948 ఆగస్టు 15న తపాలా శాఖ గాంధీజీ బొమ్మతో నాలుగు స్టాంపులు విడుదల చేసింది. అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. వాటిలో పది రూపాయల స్టాంపులు ఓ వందింటిపై మాత్రం ‘సర్వీస్‌’ అనే మాటను అదనంగా అచ్చువేసి గవర్నర్‌ జనరల్‌ వాడకానికి ఇచ్చారు. 2017లో అలాంటి నాలుగు స్టాంపుల పట్టీని బ్రిటన్‌కు చెందిన స్టాన్లీ గిబ్బన్స్‌ సంస్థ 5 లక్షల పౌండ్లకు, అంటే అప్పటి లెక్కన సుమారు 4 కోట్ల రూపాయలకు అమ్మింది.

‘సర్వీస్‌’ అన్న మాట లేని అదే స్టాంపు వేల రూపాయల్లో దొరుకుతుంది. తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. దాన్ని అచ్చువేయడం మోసగాళ్లకు పెద్ద పనేమీ కాదు. అలాంటి స్టాంపు ఫోన్‌లో కనిపించి, వేలం పది నిమిషాల్లో ముగుస్తుందంటే చెయ్యి ఆగదు. ఆగాల్సింది అక్కడే.

ఫొటోలో కనిపించనివి ఏమిటి?

స్టాంపు విలువను తేల్చేది బొమ్మ ఒక్కటే కాదు. వెనక జిగురు, అంచుల్లోని పళ్లు, కాగితంలోని వాటర్‌మార్క్, పోస్టాఫీసు ముద్ర అన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో చాలావరకు ముందువైపు ఫొటోలో తెలియవు.

వాడేసిన స్టాంపుపై ముద్రను రసాయనాలతో చెరిపి, వెనక కొత్త జిగురు పూసి ‘మింట్‌’ అని అమ్మేవారున్నారు. దెబ్బతిన్న అంచును కత్తిరించి మళ్లీ పళ్లు కొట్టేవారు, చిరుగును అతికించి, పలచబడిన చోట కాగితపు గుజ్జు నింపేవారూ ఉన్నారు. గాంధీజీ పది రూపాయల స్టాంపునైతే మొత్తంగానే నకిలీ చేశారు. అసలువి స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ముద్రణాలయంలో ఫొటోగ్రావ్యూర్‌ పద్ధతిలో అచ్చయ్యాయి. భూతద్దంలో చూస్తే ఆ అచ్చుకూ మామూలు ఆఫ్‌సెట్‌ అచ్చుకూ తేడా తెలుస్తుంది. ఫోన్‌ తెరపై తెలియదు.

అందుకే వెనకవైపు ఫొటో, ఎక్కువ రిజల్యూషన్‌ స్కాన్‌ అడగండి. ఇవ్వనంటే ఆ స్టాంపును వదిలేయడమే మంచిది. వివరణలో ‘ఉన్నది ఉన్నట్టే’, ‘వాపసు లేదు’, ‘నాకు స్టాంపుల గురించి తెలియదు, తాతగారి పెట్టెలో దొరికింది’ అని ఉంటే మరింత జాగ్రత్త పడాలి.

కేటలాగ్‌ ధరను నమ్మొచ్చా?

‘కేటలాగ్‌ ధర 20 వేలు, మీకు 5 వేలకే’ అన్నది బాగా పనిచేసే ఎర. కేటలాగ్‌లోని ధర మంచి స్థితిలో ఉన్న స్టాంపుకు వర్తిస్తుంది. మామూలు స్టాంపులు మార్కెట్లో అంతకన్నా చాలా తక్కువకే చేతులు మారతాయి. మచ్చ, చిరుగు ఉంటే ఇంకా పడిపోతుంది. చూడాల్సింది అడుగుతున్న ధర కాదు, అలాంటి స్టాంపులు ఇటీవల నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయన్నది.

‘పాతది’ అంటే ‘అరుదైనది’ అని కాదు. చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్‌ బొమ్మలతో హైదరాబాద్‌ సంస్థానం 1931లో తెచ్చిన స్టాంపుల్లో చిన్న విలువలవి నేటికీ సులువుగా దొరుకుతాయి. వాటిని ‘నిజాం కాలపు అరుదైన నిధి’ అని పెట్టి వందల రూపాయలవి వేలకు అంటగడుతుంటారు.

కొన్ని స్టాంపులనైతే వాటిపై పేరున్న దేశాల తపాలా శాఖలు అసలు జారీయే చేయలేదు. వీటిని అడ్డుకోవడానికే అంతర్జాతీయ తపాలా సమాఖ్య (యూపీయూ) 2002లో సభ్యదేశాలు జారీచేసే స్టాంపులకు నంబర్లు ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. 2002 తర్వాతి విదేశీ స్టాంపు కొనేముందు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. అందులో లేనంత మాత్రాన నకిలీ అని చెప్పలేం. ఉంటే మాత్రం అలాంటి స్టాంపు నిజంగా విడుదలైందని తెలుస్తుంది.

వేలంలో ధర ఎలా పెరుగుతుంది?

అమ్మేవారే వేరే ఖాతాలతో పాట పెంచడం పాత ఎత్తు. ఒకే విక్రేత వేలాల్లో పదేపదే పాడుతూ, ఎప్పుడూ గెలవని ఖాతా కనిపిస్తే అనుమానించాలి. మీ గరిష్ఠ ధర ముందే కాగితంపై రాసుకుని దాటకండి.

గెలిచిన ధరే చివరి ధర కాదు. వేలం సంస్థలు కొనుగోలుదారు నుంచి అదనంగా కమీషన్‌ తీసుకుంటాయి. దానిపై పన్ను, ప్యాకింగ్, బీమా ఉంటాయి. విదేశం నుంచి వస్తే కస్టమ్స్‌ సుంకం కూడా పడొచ్చు. అవన్నీ కలిపాకే బిడ్‌ నిర్ణయించుకోవాలి.

సర్టిఫికెట్‌ ఉంటే చాలా?

చాలదు. సర్టిఫికెట్‌నూ నకిలీ చేస్తారు. లండన్‌లోని రాయల్‌ ఫిలాటెలిక్‌ సొసైటీ, న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్‌ ఫౌండేషన్‌ వంటి గుర్తింపు ఉన్న సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్‌పై నంబరు, స్టాంపు ఫొటో ఉంటాయి. ఫొటోలోని పళ్లు, ముద్ర మీకు అమ్ముతున్న స్టాంపుతో సరిపోవాలి. నంబరు గురించి జారీచేసిన సంస్థనే అడగండి. పెద్ద మొత్తమైతే, నిపుణులు నకిలీ అని తేలిస్తే డబ్బు వెనక్కిస్తామన్న షరతును బిడ్‌కు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు ఎలా కట్టాలి?

‘యాప్‌ బయట మాట్లాడుకుందాం, తగ్గిస్తాను’ అంటే ఒప్పుకోకండి. బయట కడితే ఆ వేదిక ఇచ్చే రక్షణ పోతుంది. క్రెడిట్‌ కార్డుతో కడితే వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా బ్యాంకు ద్వారా అభ్యంతరం చెప్పే వీలుంది. యూపీఐలో పంపిన డబ్బు వెనక్కి రప్పించడం కష్టం. పార్సిల్‌ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి.

మీ దగ్గరున్న పాత స్టాంపును లక్షలకు కొంటామని, ముందుగా రిజిస్ట్రేషన్‌ ఫీజు, జీఎస్టీ కట్టమని ఎవరైనా అడిగితే అది మోసమే. పాత నోట్లు, నాణేల పేరుతో జరుగుతున్న ఇదే తంతుపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

మోసపోతే ఏం చేయాలి?

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్‌ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్‌ క్రైమ్‌ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయాలి.

చెప్పినదొకటి, పంపినదొకటి అయితే ముందు వేదికకు చెందిన ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్‌ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915 ఉంది. ఆ తర్వాత మీరుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు. రెండేళ్లలోపు కేసు వేయాలి. వ్యాపారి కాని వ్యక్తి తన పాత వస్తువు ఒకటి అమ్మితే మాత్రం ఈ దారి కష్టమవుతుంది. అందుకే ఎవరి దగ్గర కొంటున్నారో ముందే చూసుకోవాలి.

కొత్త స్టాంపులకు వేలం ఎందుకు?

కొత్తగా విడుదలయ్యే స్టాంపులను ముఖవిలువకే తపాలా శాఖ అమ్ముతుంది. హైదరాబాద్‌ అబిడ్స్‌ జీపీఓ వంటి చోట్ల ఫిలాటెలిక్‌ బ్యూరోలున్నాయి. 200 రూపాయలతో ఫిలాటెలిక్‌ డిపాజిట్‌ ఖాతా తెరిస్తే విడుదలైన స్టాంపులు ఇంటికే వస్తాయి. ఇంట్లో పిల్లలు హాబీ మొదలుపెడుతుంటే అక్కడి నుంచి మొదలుపెట్టించండి. అసలు స్టాంపు చేతిలో ఎలా ఉంటుందో తెలిసిన కన్నే రేపు నకిలీని పట్టుకోగలదు.